ప్రార్థించి పంపే ముందు పత్రాలు చూద్దాం



ఉప్పునుంతల మండలంలోని సంఘాలవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు ఒక యువకుణ్ణి ముందుకు పిలుస్తారు. బుధవారం రాత్రి విమానం. దుబాయికో, దోహాకో, రియాదుకో. పెద్దలు తలమీద చేతులుంచుతారు. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది. స్త్రీల సమాజంవారు ఒక పాట ఎత్తుకుంటారు. సంఘమంతా ఆమేన్ అంటుంది. బయట చెప్పులు వేసుకుంటూ అందరూ అడిగే మాట ఒకటే: "ఫ్లైట్ ఎన్ని గంటలకు?"

ఎవరూ అడగని మాటలు కొన్ని ఉన్నాయి. వీసా ఏ రకం? ఒప్పంద పత్రం చేతికొచ్చిందా? ఏజెంటుకు ఎంత కట్టావు? ఆ డబ్బు ఎవరి దగ్గర తెచ్చావు, మిత్తి ఎంత? వెళ్ళేవాణ్ణి అనుమానించినట్టు ఉంటుందేమోనని మనం ఊరుకుంటాం. ఆ మొహమాటం ఖరీదు తర్వాత ఆ కుటుంబమే కడుతుంది.

ఈ వారం మేము చెప్పదలచింది ఇదే. కొత్త దేశంలో మనిషి కుదురుకోవడం అక్కడ విమానం దిగాక మొదలవదు. ఇక్కడ, అప్పు నోటు మీద సంతకం పెట్టిన రోజే అది సగం తేలిపోతుంది. పెద్ద అప్పుతో వెళ్ళినవాడికి ఎంత చెడ్డ పనినైనా వదిలే స్వేచ్ఛ ఉండదు. కనుక సంఘం తన బాధ్యతను ప్రయాణ ప్రార్థన దగ్గర కాక, అంతకు రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

మనకు తెలిసిన పాత కథే

పాలమూరు వలస గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. నాగర్‌కర్నూలు 2016లో వేరే జిల్లా అయింది గాని, వలసకు జిల్లా సరిహద్దులు లేవు. దుందుభి వాగు పారే ఉప్పునుంతల మండలం నుంచైనా, అటు వనపర్తి, గద్వాల నుంచైనా వాన మొహం చాటేస్తే జనం మూటలు కట్టుకున్నారు. పాలమూరు కూలీ పేరు దేశమంతటా ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర, బొంబాయి, పూనా కట్టడాల దగ్గర వినిపించింది. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఊళ్ళో మిగిలారు.

ఆ వలసను నడిపించింది గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు. పెళ్ళికో, ఆసుపత్రికో, పాత బాకీకో మనిషి ముందుగా డబ్బు తీసుకుంటాడు. ఆ తర్వాత ఎక్కడ పని, ఎన్ని గంటలు, ఎంత కూలీ అన్నవి అతని చేతిలో ఉండవు. లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. ఇలాంటి కూలీల రక్షణకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో ఉన్నా, అడ్వాన్సు తీసుకున్నవాడి నోరు పెగల్లేదు.

నేటి గల్ఫ్ ప్రయాణంలో మేస్త్రీ బదులు ఏజెంటు ఉన్నాడు, బొంబాయి బస్సు బదులు విమానం ఉంది. అడ్వాన్సు మాత్రం తిరగబడింది. అప్పుడు మేస్త్రీ మనకు డబ్బిచ్చి కట్టిపడేసేవాడు. ఇప్పుడు మనమే ఊళ్ళో అప్పు చేసి, ఏజెంటుకు డబ్బిచ్చి మరీ కట్టుబడుతున్నాం.

చట్టం ఏర్పరచిన దారి

మన దేశంలో విదేశీ కూలిపనికి వెళ్ళేవారి కోసం 1983 నాటి వలస చట్టం ఉంది. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకం. అంటే, ప్రభుత్వం గుర్తించిన 18 దేశాలకు పనికోసం వెళ్ళే ముందు వలస అనుమతి తప్పనిసరి అని అర్థం. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా ఆ జాబితాలోనివే. ఈ అనుమతి ఇచ్చే అధికారిని వలసదారుల సంరక్షకుడు అంటారు. హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. ఇంటిపనికి వెళ్ళే ఈసీఆర్ మహిళలకు కనీసం 30 ఏళ్ళు నిండాలనే నిబంధన కూడా ఉంది.

అనుమతి అంతా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా జరుగుతుంది. లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా అందులోనే దొరుకుతుంది. ఊళ్ళో తిరిగి పాస్‌పోర్టులు పోగుచేసే సబ్-ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. అతను ఎంత దగ్గరి బంధువైనా, మన సంఘసభ్యుడే అయినా, లైసెన్సు నంబరు అడగడం తప్పు కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ కూడా ఉంది. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడమే దాని పని.

ఇక రుసుము. లైసెన్సున్న ఏజెంటు కార్మికుని దగ్గర తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. అనుమతి పొందిన ప్రతి ఈసీఆర్ కార్మికుడికీ ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల బీమా ఉంటుంది. వెళ్ళే ముందు ఒకరోజు ఉచిత శిక్షణ కూడా ఉంది. అక్కడి చట్టాలు, పద్ధతులు, కష్టమొస్తే పోవలసిన చోట్లు అందులో చెబుతారు.

ఈ దారిని తప్పించే సందులు రెండు. మొదటిది విజిట్ వీసా. "ముందు విజిట్ మీద పో, అక్కడికి పోయాక మారుస్తాం" అంటారు. అలా వెళ్ళినవాడు ప్రభుత్వ లెక్కలో కార్మికుడు కాదు. అతనికి వలస అనుమతి లేదు, ఆ బీమా లేదు, ఇక్కడ నమోదైన ఒప్పందం లేదు. రెండోది ఆజాద్ వీసా. పేరు ఒక యజమానిది, పని ఎవరి దగ్గరైనా చేసుకోవచ్చని ఏజెంటు చెబుతాడు. అక్కడి చట్టం ప్రకారం వీసాలో ఉన్న యజమాని దగ్గర కాక, అనుమతి లేకుండా మరొకరి దగ్గర పనిచేయడం నేరం. పట్టుబడినప్పుడు శిక్ష కార్మికుడికి పడుతుంది, ఏజెంటుకు కాదు.

కాగితం మీద లెక్క వేద్దాం

మాటలకన్నా అంకెలు స్పష్టంగా చెబుతాయి. ఒక తమ్ముడు ఖతర్ వెళ్ళాడనుకుందాం. ఆ దేశంలో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్ళు. కంపెనీ తిండి పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 రియాళ్ళు అదనంగా ఇవ్వాలి. తిండి, వసతి కంపెనీవే అనుకుంటే అతని చేతికొచ్చేది మన రూపాయల్లో సుమారు 23,000. సొంత ఖర్చుకు 2,500 ఉంచుకుని, ఇంటి ఖర్చుకు 8,000 పంపితే, నెలకు 12,500 అప్పుకు కట్టగలడు.

ఏజెంటు మాట నమ్మి లక్షా యాభై వేలు అప్పు చేశాడనుకోండి, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి. మొదటి నెల మిత్తే 4,500. అసలు తగ్గేకొద్దీ మిత్తి తగ్గుతుందనుకున్నా, అప్పు తీరడానికి 15 నెలలకు పైగా పడుతుంది. మిత్తి కిందే దాదాపు 39,000 పోతాయి.

అదే తమ్ముడు చట్టం చెప్పిన 35,400 మాత్రమే అప్పు చేసి వెళితే? అదే మిత్తికి మూడు నెలల్లో తీరిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. అక్కడ దిగాక చెప్పిన జీతం ఇవ్వక, చేతికి 18,000 మాత్రమే వచ్చిందనుకుందాం. అప్పుకు మిగిలేది 7,500. లక్షా యాభై వేల అప్పు తీరడానికి 31 నెలలు కావాలి. ఒప్పందం రెండేళ్ళే అయితే, అంటే 24 నెలలే అయితే, ఒప్పందం ముగిసినా అప్పు ముగియదు. అతను కంప్లయింటు ఇవ్వడు, తిరిగి రాడు. జీతం తక్కువైనా, పాస్‌పోర్టు లాక్కున్నా సహిస్తాడు. ఇంటికి ఫోన్ చేసి "బాగనే ఉన్న" అంటాడు. అతని నోరు మూసింది అరబ్బు యజమాని ఒక్కడే కాదు, ఊళ్ళోని అప్పు కూడా.

యాకోబు కథ మనం చాలాసార్లు చదివాం. హారానులో తన మేనమామ లాబాను దగ్గర పనికి కుదిరాడు. ఏడేళ్ళు కొలువు చేశాక, ఇస్తానన్నది ఒకటి, ఇచ్చింది ఒకటి. మొత్తం ఇరవై ఏళ్ళలో అతని జీతం పదిసార్లు మార్చబడిందని ఆదికాండము 31వ అధ్యాయం చెబుతోంది. నేడు దీన్నే ఒప్పందం మార్చడం అంటున్నాం. ఇక్కడ డ్రైవరు అని సంతకం, అక్కడ గొర్రెల కాపరి పని. యాకోబు మోసపోయింది పరాయివాడి చేతిలో కాదు, సొంత మనిషి చేతిలో. మన సబ్-ఏజెంట్ల విషయంలోనూ తరచుగా జరిగేది ఇదే.

దిగిన తర్వాత మొదటి నెలలు

అక్కడికి చేరిన మనిషిని నిలబెట్టేవి చిన్న చిన్న జాగ్రత్తలే. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రాల ఫోటోలు తన ఫోనులో ఒకటి, ఇంట్లో ఒకటి, సంఘకాపరి దగ్గర ఒకటి ఉండాలి. గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల కార్మికుని పాస్‌పోర్టును యజమాని ఉంచుకోవడం చట్టవిరుద్ధం. అయినా తీసుకుంటారు గనుక కాపీ అవసరం. సౌదీలో అఖామా వచ్చిందా, దాని గడువు ఎప్పటివరకు అన్నది తనే చూసుకోవాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడేలా చూసే వేతన రక్షణ పద్ధతి యూఏఈలో 2009 నుంచి, సౌదీలో 2013 నుంచి, ఖతర్‌లో 2015 నుంచి ఉంది. జీతం ఆగిందని నిరూపించడానికి బ్యాంకు లెక్కే సాక్ష్యం. ఎండాకాలంలో మధ్యాహ్నపు పని నిషేధం కూడా ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని చేయించకూడదు. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియక ఎండలో కుప్పకూలుతున్నారు.

పెట్టె సర్దే తల్లులకు, అక్కలకు ఒక మాట. పచ్చళ్ళు, పొడులు కడుతూ మసాలాలో గసగసాలు కలపకండి. యూఏఈలో, సౌదీలో అవి మత్తుపదార్థాల కింద నిషిద్ధం. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు డాక్టరు చీటీ లేకుండా పెట్టకండి. "మా తమ్ముడికి ఇవ్వు" అని ఎవరైనా పొట్లం ఇస్తే, విప్పి చూడకుండా తీసుకోవద్దు.

ఆరాధన సంగతీ ముందే తెలిసి ఉండాలి. కువైట్ నగరంలో, మనామాలో, మస్కట్‌లో, దుబాయిలో చర్చి ఆవరణలు ఉన్నాయి. దోహాలో ప్రభుత్వం కేటాయించిన స్థలంలో మొదటి చర్చి 2008లో తెరిచారు. ఇలాంటి ఆవరణల్లో ఒక్కో గదిలో ఒక్కో భాషవారు వంతులవారీగా కూడుకుంటారు. వారిలో తెలుగు సంఘాలూ ఉన్నాయి. చాలాచోట్ల ఆరాధన శుక్రవారం జరుగుతుంది. సౌదీలో మాత్రం చర్చి లేదు, ముస్లిమేతరుల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. కూడికను ఫోనులో లైవ్ పెట్టడం, కరపత్రాలు పంచడం పెట్టినవాణ్ణే కాదు, పక్కవాళ్ళనూ ప్రమాదంలోకి నెడుతుంది. ఉత్సాహంతో ఉన్న యౌవనస్థులకు ఈ వివేకం మనమే ఇచ్చి పంపాలి.

బాధ భరించలేక యజమాని దగ్గరనుంచి పారిపోయి, పత్రాలు లేకుండా దొరికిన పని చేసేవారిని మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. ఆ బతుకులో జబ్బుపడినా ఆసుపత్రికి పోవడానికి భయం, ఇంట్లో చావు జరిగినా రాలేని నిస్సహాయత. అప్పుడప్పుడు ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు చివరి వరకు అలాంటి గడువు ఇచ్చింది. అలాంటి వార్త వినగానే ఇంటివారు ఫోన్ చేసి చెప్పాలి. పారిపోవడానికి ముందే భారత రాయబార కార్యాలయాన్ని కలవడం మేలు. అక్కడ ఆపదలో ఉన్నవారి కోసం 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. వసతికి, తిరుగు టికెట్టుకు, మృతదేహాన్ని స్వదేశానికి తేవడానికి అందులోంచి సాయం చేస్తారు. ఇక్కడి కుటుంబం మదద్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. వీటిలో దేనికైనా పత్రాలే ఆధారం. ఇంట్లో కాపీలు లేని కుటుంబం దుఃఖంలో ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

మన పూర్వులు ఎలా వెళ్ళారు

మన ప్రాంతంలో ఎం.బి. సంఘాలు ఎక్కువ. ఆ పేరు వెనుక ఒక వలస ఉంది. మెన్నోనైట్ బ్రదరన్ సంఘం 1860లో దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో పుట్టింది. అక్కడ తమ విశ్వాసానికి విరుద్ధంగా సైన్యంలో చేరవలసి వస్తుందన్న భయంతో మెన్నోనైట్లు వేలమంది 1874 నుంచి అమెరికాలోని కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటాలకు వలసపోయారు. అలా వెళ్ళినవారి సంఘాలనుంచి, రష్యాలో మిగిలినవారి నుంచి కూడా మిషనరీలు మన దగ్గరికి వచ్చారు. రష్యానుంచి ఏబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో బయలుదేరి నల్లగొండలో పని ప్రారంభించారు. 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో అమెరికానుంచి వచ్చినవారు నాగర్‌కర్నూలులో సేవ చేశారు.

వారి వలసలో మనం గమనించవలసింది ఒకటుంది. కుటుంబాలు ఓడ ఎక్కక ముందే, 1873లో 12 మంది ప్రతినిధులు ఉత్తర అమెరికా వెళ్ళి నేల చూశారు, నీళ్ళు చూశారు, అధికారులతో మాట్లాడి తిరిగొచ్చి చెప్పారు. మోషే కనాను దేశం చూసి రమ్మని పంపిన పన్నెండుమంది మనకు గుర్తొస్తారు. ప్రయాణ ఖర్చు లేని పేద కుటుంబాలకు అమెరికాలోని మెన్నోనైట్లు ఒక సంఘంగా ఏర్పడి అప్పు, సాయం సమకూర్చారు. అంటే వారు ముందు చూశారు, తర్వాత భారం పంచుకున్నారు, ఆ తర్వాతే పంపారు.

మన తెలుగువారి చరిత్రలోనూ ఒక మంచి ఉదాహరణ ఉంది. 1860 నుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేలమంది భారతీయులు దక్షిణాఫ్రికాలోని నటాలుకు ఐదేళ్ళ ఒప్పందం మీద కూలీలుగా వెళ్ళారు. వారిలో తెలుగువారు, తెలుగు బాప్తిస్టు విశ్వాసులు ఉన్నారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో వారి బతుకు దుర్భరం. ఒప్పందం ముగిసి అక్కడే ఉండిపోదామనుకున్నవారి మీద ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేశారు. 1914లో గాని దాన్ని రద్దు చేయలేదు. ఆ కూలీల కోసం నెల్లూరులోని తెలుగు బాప్తిస్టు మిషన్ సంఘం 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆయన కుటుంబంతో సహా వెళ్ళి, అదే ఏడాది చివర కియర్స్‌నీ తోటల దగ్గర తెలుగు సంఘాన్ని స్థాపించారు. విదేశీ మిషన్లనుంచి సాయం పొందే స్థితిలో ఉన్న మన పేద తెలుగు సంఘాలు, వలస వెళ్ళిన తమవారి కోసం సముద్రం దాటించి కాపరిని పంపగలిగాయి. నేడు వీడియో కాల్ చేతిలో ఉన్న మనం మనవారిని నెలకొకసారి పలకరించలేమా?

సంఘం చేయగలిగినవి

ఒకటి: పెద్దల్లో ఇద్దరిని, ఒక చదువుకున్న యువతినో యువకుణ్ణో కలిపి చిన్న బృందం పెట్టుకోండి. ఎవరైనా విదేశం పోతున్నామంటే ఏజెంటు లైసెన్సు, వీసా రకం, ఒప్పందం, బీమా ఈ బృందం ఈ-మైగ్రేట్‌లో చూసి చెప్పాలి. చదువుకోసం అమెరికా పోయే పిల్లల విషయంలోనూ బ్యాంకు అప్పు, కళాశాల గుర్తింపు ఇలాగే చూడాలి.

రెండు: గల్ఫ్‌నుంచి తిరిగొచ్చినవారిని సంఘంలో మాట్లాడనివ్వండి. లాభపడినవారి సాక్ష్యమే కాదు, నష్టపడి వచ్చినవారి మాట కూడా వినాలి. వారే మన పన్నెండుమంది వేగులవారు.

మూడు: 35,400 రూపాయలు ఒక పేద కుటుంబానికి పెద్ద మొత్తమే గాని, పొదుపు సంఘానికి, సంఘ నిధికి అసాధ్యం కాదు. మిత్తి లేకుండా ఇచ్చి, నాలుగు నెలల్లో తిరిగి తీసుకునే ఏర్పాటు చేయగలిగితే, ఒక మనిషిని దాస్యంనుంచి కాపాడినట్టే.

నాలుగు: ఇంట్లో మిగిలిన భార్యను, ముసలి తల్లిదండ్రులను, పిల్లలను మరువకండి. పంపే డబ్బు భార్యకు తెలిసేలా, బ్యాంకు ద్వారా రావాలి. ఆమె మీద ఊరి కన్ను వేసి ఉంచడం సంఘం పని కాదు. ఆమెకు తోడుగా ఆసుపత్రికి, బ్యాంకుకు వెళ్ళడం సంఘం పని.

బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా రాసిన పత్రిక 29వ అధ్యాయంలో ఉంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం మేలు కోరండి అని ప్రవక్త వారికి చెప్పాడు. పరాయి నేల మీద కూడా నిలబడి బతకమన్న మాట అది. కాని తోట నాటాలంటే మనిషికి రేపటి మీద నమ్మకం ఉండాలి. మిత్తి లెక్కతో నిద్రపట్టనివాడు ఎక్కడా మొక్క నాటలేడు.

ఈ ఆదివారం మీ సంఘంలో ప్రయాణ ప్రార్థన ఉంటే తప్పక చేయండి. అంతకుముందు రోజు సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి కూర్చోండి. టీ తాగండి. "బిడ్డా, నీ కాగితాలు ఒకసారి చూపియ్యి" అని అడగండి. తేడా కనిపిస్తే ప్రయాణం ఆపమని చెప్పే ధైర్యం చేయండి. ఆ రోజు ఆ ఇల్లు మన మీద కోపపడవచ్చు. అయినా సరే, అడగడమే ప్రేమ.